డిస్క్ బరువు ఏ టేబుల్‌ది, ఎవరిది? పోస్ట్‌గ్రెస్‌లో రెండు దారులు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ నెమ్మదించి, డిస్క్ ఊపిరాడనట్టు తిరుగుతుంటే ముందు అడిగేది ఏ టేబుల్ అని, ఆ వెంటనే ఎవరు అని. ఒక్క వ్యూ (టేబుల్‌లా చదవగలిగే గణాంకాల పట్టిక) ఈ రెండింటికీ జవాబు చెప్పదు.

టేబుల్ లెక్కకు పీజీ_స్టాట్ఐఓ_యూజర్_టేబుల్స్ ఉంది. పేరులో యూజర్ ఉందని పొరబడకండి, సిస్టమ్‌వి కాని టేబుల్స్ అని మాత్రమే దాని అర్థం. మామూలుగా ఏ సెటప్పూ అక్కర్లేదు. అంకెలు కూడుతూ పోతాయి కాబట్టి ఒక్కసారి చూస్తే ఏమీ తేలదు. హీప్ బ్లాక్స్ రీడ్ (టేబుల్ నుంచి చదివిన బ్లాకులు) అంకె రాసుకుని, పది నిమిషాలయ్యాక మళ్లీ చూడండి. తేడా 2,62,144 అయితే, బ్లాకు 8 కేబీ చొప్పున 2 జీబీ చదివినట్టు. షేర్డ్ బఫర్స్‌లో, అంటే పోస్ట్‌గ్రెస్ సొంత మెమరీ క్యాష్‌లో, దొరకనివన్నీ ఇందులో పడతాయి, ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్ నుంచి వచ్చినవి కూడా. రాతల లెక్క ఉండదు.

ఎవరు అన్నదానికి పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. అది క్వెరీవారీగా (డేటాబేస్‌కు పంపే ఒక్కో ఆదేశానికి), యూజర్ ఐడీతో సహా, చదివిన బ్లాకులూ రాసిన బ్లాకులూ చూపిస్తుంది. ట్రాక్_ఐఓ_టైమింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే పట్టిన సమయం కూడా. టేబుల్ పేరు మాత్రం క్వెరీ చదివి మనమే పట్టుకోవాలి. అప్లికేషన్ అంతా ఒకే లాగిన్‌తో నడుస్తుంటే యూజర్ కాలమ్ ఉన్నా లేనట్టే. రిపోర్టులకు, బ్యాచ్ జాబులకు వేరే లాగిన్లు ఇవ్వండి.

నా ఓటు రెండోదానికే, సరిచేయగలిగేది క్వెరీనే కాబట్టి. దీన్ని ప్రీలోడ్‌లో (సర్వర్ మొదలయ్యేటప్పుడే ఎక్కే లైబ్రరీల జాబితాలో) చేర్చాలంటే సర్వర్ రీస్టార్ట్ తప్పదు, అందుకే పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేసిన రోజే పెట్టేయండి.