గోడ మీద పెడితే చెడింది, చేత్తో పడితే వచ్చింది: స్టెబిలైజేషన్‌తో రెండున్నరేళ్లు

మా ఆఫీసు హైదరాబాద్‌లో రాయదుర్గం వైపు. షిఫ్టు దిగి బండి మీద ఇంటికి పోతూ దుర్గం చెరువు దగ్గర పావుగంట ఆగడం అలవాటు. లాప్‌టాప్, టిఫిన్ బాక్సు పోగా బ్యాగులో ట్రైపాడ్‌కు చోటుండదు. ఒకటి రెండుసార్లు మోసుకెళ్లినా, కాళ్లు విప్పేలోపే ఎవరో ఒకరు వచ్చి "పర్మిషన్ ఉందా సార్" అనేవారు. అదే కెమెరా చేతిలో ఉంటే ఎవరూ పట్టించుకోరు. చేతి వణుకుకు ఎదురుగా సెన్సరే (లోపల ఫొటో పట్టే చిప్పు) కదిలే, అంటే స్టెబిలైజేషన్ ఉన్న, ఈ మిర్రర్‌లెస్ కెమెరాను సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అందుకే.

పాత కెమెరాతో, 24 ఎంఎం లెన్స్ మీద, షట్టర్ సెకనులో 25వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉంటే ఆఫీసు టవర్ల కిటికీలన్నీ కామాల్లా సాగేవి. దీనితో అర సెకను నిలబడుతోంది. ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే అంకె, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 10,000 పెట్టాల్సిన చోట 800తో సరిపోతుంది. మొదటి నెల పిచ్చి పట్టినట్టు తిరిగాను. పొద్దు గూకిన ఇరవై నిమిషాలకు ఆకాశం ఇంకా ముదురు నీలంగా ఉండి, కిటికీల్లో దీపాలు వెలిగే సమయంలో, మోచేతులు డొక్కకు ఆనించి, ఊపిరి వదిలి ఆరు ఫొటోలు వరసగా లాగేవాణ్ని. నొక్కేటప్పుడు మొదటిది, వదిలేటప్పుడు చివరిది కదిలిపోతాయి. మధ్యలో ఒకటైనా దక్కుతుంది.

అక్క గృహప్రవేశానికి పెద్ద ప్రింటు ఇద్దామనుకున్నప్పుడు అసలు కథ మొదలైంది. పెద్ద సైజు కాబట్టి రిస్కు ఎందుకని, అరకిలో కందిపప్పు ఒక గుడ్డ సంచిలో పోసుకుని వెళ్లాను. చెరువు పక్కన రాతి గోడ మీద సంచి, దాని మీద కెమెరా. ఐఎస్ఓ 100, నాలుగు సెకన్లు, రెండు సెకన్ల టైమర్. చెయ్యే తగలదు, ఇంకేం కావాలి? ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ప్రతి దీపానికీ పక్కన ఇంకో దీపం. వారం తర్వాత మళ్లీ వెళ్లాను, మళ్లీ అంతే. గాలి అనుకున్నాను, సంచి కుంగిందనుకున్నాను, లెన్స్ పాడైందని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే డబ్బు తీసుకుని "అంతా బాగుంది" అన్నారు. విచిత్రమేమిటంటే, అదే సాయంత్రం విసుగొచ్చి చేత్తో కొట్టిన అర సెకను ఫొటో శుభ్రంగా ఉంది.

తప్పు స్టెబిలైజేషన్‌దే. కెమెరా కదలకుండా ఉన్నా అది లేని వణుకును వెతుక్కుంటూ సెన్సర్‌ను మెల్లగా జరుపుతోంది. ఆఫ్ చేసి మూడోసారి వెళ్తే సూది మొనలా వచ్చింది. అప్పటికి గృహప్రవేశం అయిపోయింది! కొన్ని మోడళ్లు కదలిక లేదని వాటంతట అవే కనిపెడతాయి. నాది ఆ రకం కాదు, ఆఫ్ చేసే చోటు మెనూలో మూడు మెట్ల కింద ఉంది. దీని మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. (సంచి సంగతి: వానాకాలంలో పప్పుకు పురుగు పట్టింది. అమ్మ ఏమందో రాయను.)

అర సెకను అని గొప్పగా చెప్పాను గానీ, అది కాఫీ తాగని రోజు లెక్క. తొమ్మిది గంటలు కీబోర్డు కొట్టి వచ్చిన చేతులతో సెకనులో ఎనిమిదో వంతే నమ్మకం. చెరువు మీది కేబుల్ బ్రిడ్జి కింద నుంచి తీయడం వేరు, పైన నిలబడి తీయడం వేరు. 2020లో తెరిచిన ఆ వంతెన రెండు స్తంభాల నడుమ భాగమే 233 మీటర్లకు పైన, తీగల మీద ఆగింది. బండ్లు పోతుంటే పాదాల కింద తెలుస్తుంది, అక్కడ నా ఫొటోలు సగానికి పైగా చెత్తబుట్టకే. పైగా వంతెన మీది రంగు లైట్లు మారే క్షణం పడితే, అర సెకనులో రెండు రంగులు కలిసి ఏదీ కాకుండా పోతాయి. వణుకు ఆపినంత మాత్రాన రంగు ఆగదు కదా.

ఇంకో మాట ఒప్పుకోవాలి. అక్క కూతురు ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టి, రెండు మూడు సెకన్లు పట్టుకుని తీసింది. చిన్న తెర మీద నా దానికంటే అదే బాగుంది. పెద్దది చేస్తే టవర్ల అంచులు మైనంలా కరిగాయి, అది వేరే విషయం. చేసేవాళ్లు తక్కువే.

నాకు ఇల్లు, ఆఫీసు మధ్య దొరికేది పావుగంటే, కాబట్టి దీన్ని అమ్మను. కారులో వెళ్లేవాళ్లకు, గంటసేపు కూర్చునే ఓపిక ఉన్నవాళ్లకు ఇంత డబ్బు పెట్టమని చెప్పలేను. అక్క వాళ్ల హాల్లో వేలాడుతున్నది మాత్రం విసుగులో చేత్తో కొట్టిన ఆ అర సెకను ఫొటోనే, 12 బై 18 అంగుళాలు. అంతకంటే పెద్దది చేయించే ధైర్యం రాలేదు.