చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్లు వదులుతుంటే ఎక్కడికి వెళ్లాలి: పీసీబీయా, ఎన్జీటీయా, హైకోర్టా?

ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, అందుకే ఒకసారి రాసి పెడుతున్నా. నా ఓటు ఎన్జీటీకే, అంటే పర్యావరణ కేసులు మాత్రమే చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి. కానీ ముందు బాటిల్ సంగతి.

మా చెరువులో చేపలు తేలిన రోజు మేం ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్‌లో నీళ్లు పట్టి, మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్‌కి తీసుకెళ్లాం. ల్యాబ్ ఆయన మూత తీసి వాసన చూసి, "ఐస్‌లో పెట్టారా? ఎన్నింటికి పట్టారు?" అన్నాడు. ఏ టైమో ఎవరూ రాసుకోలేదు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, మేం పట్టింది ఎండెక్కాక. రిపోర్టులో ఏముంటుంది మరి?

పీసీబీకి, అంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, ఫిర్యాదు ఎలాగూ చేయాలి, పైసా ఖర్చు లేదు. కానీ 1974 నీటి చట్టం ప్రకారం శాంపిల్ తీసేటప్పుడు ఫ్యాక్టరీ వాళ్లకు అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, వాళ్ల ఎదుటే రెండు భాగాలు చేసి సీలు వేయాలి, సంతకాలు పెట్టించాలి. ఇందులో ఏది తప్పినా ఆ రిపోర్టు కేసులో నిలబడటం కష్టం. పద్ధతి న్యాయమైనదే, కాదనను. కాకపోతే నీళ్లు వదిలేది రాత్రి, ఆఫీసరు వచ్చేది పగలు పదకొండింటికి.

ఎన్జీటీకి ఎవిడెన్స్ చట్టం కట్టుబాటు లేదు. జడ్జి పక్కనే సైన్స్ తెలిసిన సభ్యుడు కూర్చుంటాడు కాబట్టి మనం తెచ్చిన ఫొటోలు, ల్యాబ్ కాగితం చూసి చెరువు చూసి రమ్మని వేర్వేరు శాఖల వాళ్లతో జాయింట్ కమిటీని పంపించవచ్చు. నాకు ఇదే అసలు తేడా. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల దగ్గర ఆముదం ఫ్యాక్టరీ కేసులో 1999లోనే సుప్రీంకోర్టులో జస్టిస్ జగన్నాథరావు గారు ఈ అవసరం చెప్పారు: సైన్స్ తేల్చలేని చోట మామూలు కోర్టుకు నిపుణులు కావాలని. ఆ మాట ఎన్జీటీ చట్టంగా మారేసరికి 2010 వచ్చింది. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ గ్యాస్ లీకైతే ఎన్జీటీ తనంతట తానే కేసు తీసుకుని, మర్నాడే కంపెనీని 50 కోట్లు కట్టమంది. మన రెండు రాష్ట్రాలకూ బెంచ్ చెన్నైలో ఉంది, పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలే. లోపం లేదనుకోకండి, ఆ జాయింట్ కమిటీలో చాలాసార్లు పీసీబీ వాళ్లే ఉంటారు.

హైకోర్టు? జీవోనే తప్పు అనాలన్నా, కొల్లేరు అభయారణ్యం లాంటి వన్యప్రాణి చట్టం గొడవైనా అక్కడికే వెళ్లాలి, ఎందుకంటే ఎన్జీటీ చేతిలో ఉన్నవి ఏడు చట్టాలే, వాటిలో వన్యప్రాణి చట్టం లేదు. ఫ్యాక్టరీ కాలువ గొడవకు మాత్రం నేనైతే వెళ్లను. పోలీస్ స్టేషన్ అంటారా, ట్యాంకర్ పారబోస్తూ చేతికి దొరికితే సరే.

ఎన్జీటీలో గడువు ఆర్నెల్లు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు. పరిహారానికైతే ఐదేళ్లు. ఆ ఆర్నెల్లు మీరు లాయరును కలిసిన రోజు నుంచి కాదు, గొడవ మొదట పుట్టిన రోజు నుంచి లెక్క, కాబట్టి చేపలు తేలిన తేదీ ఇవాళే ఎక్కడైనా రాసి పెట్టుకోండి.