పేటెంట్ సెర్చ్ రిపోర్టులో "దొరకలేదు" అని వస్తే దాని విలువెంత?

కొత్త పరికరం తయారు చేసినవాళ్లు పేటెంటుకు దరఖాస్తు పెట్టే ముందు సెర్చ్ సంస్థకు డబ్బు కట్టి అడిగేది ఒకటే: ఇలాంటిది ఇంతకు ముందే ఎవరైనా బయటపెట్టారా? దొరికితే పత్రం నంబరు చేతికొస్తుంది, చదువుకుని నిర్ణయించుకోవచ్చు. సంస్థ పనితనం తేలేది దొరకనప్పుడే. అందుకే ఈ సమీక్షలో ఆ సేవ ఇచ్చే "దొరకలేదు" రిపోర్టులనే చూస్తున్నాం.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒకటిన్నర పేజీల రిపోర్టు. "సంబంధిత పత్రాలేవీ కనబడలేదు. మీ ఆవిష్కరణ కొత్తదే" అని ఉంటుంది. ఆ రెండో వాక్యం రాసే అధికారం ఏ సెర్చర్‌కూ లేదు. పేటెంట్ దరఖాస్తులు సాధారణంగా మొదటి దాఖలు తేదీ నుంచి 18 నెలలు గడిచాకే ప్రచురితమవుతాయి. కిందటేడాది ఎవరో వేసిన దరఖాస్తు ఈరోజు ఏ డేటాబేసులోనూ కనబడకపోవచ్చు. కొన్ని సంస్థలు దీనికి పూర్తి విరుద్ధంగా, దగ్గరి దగ్గరి పత్రాలు అరవై పోగేసి పంపి చేతులు దులుపుకుంటాయి. చదివి తేల్చాల్సిన పనంతా మళ్లీ క్లయింటు నెత్తినే పడుతుంది. ఇదీ డబ్బు దండగే.

మంచి రిపోర్టు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. డ్రిప్ పైపుకు తగిలించే చిన్న వాల్వు అనుకోండి. లోపల నీటిని పీల్చి ఉబ్బే హైడ్రోజెల్ ముక్క ఉంటుంది. నేల తడిగా ఉంటే అది ఉబ్బి, రబ్బరు పొరను నొక్కి నీటి దారి మూసేస్తుంది. నేల ఆరితే కుంచించుకుని నీరు వదులుతుంది. కరెంటు అక్కర్లేదు. జెల్ పాడైతే అది ఉన్న గుళిక విప్పి మార్చుకోవచ్చు. సెర్చర్ ముందుగా దీన్ని ఐదు అంశాలుగా విడగొట్టాలి: డ్రిప్పర్‌లో ఇమిడిన వాల్వు, తేమకు ఉబ్బే పదార్థం, అది నొక్కే పొర, ఆరితే తనంతట తెరుచుకోవడం, మార్చుకోగల గుళిక. తర్వాత ఒక పట్టిక: ఎడమ పక్క పత్రాల నంబర్లు, పైన ఈ ఐదు అంశాలు. గడిలో "ఉంది" అని రాస్తే చాలదు. ఏ పేరాలో, ఏ బొమ్మలో ఉందో రాయాలి. లేకపోతే సరిచూసుకోవడానికి అటార్నీ మళ్లీ మొదటి నుంచీ చదవాలి.

ఆ పట్టికలో ఐదు గడులూ నిండిన వరుస ఒక్కటీ లేదంటే, సూటి జవాబు దొరకలేదన్నమాట. అంతమాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఒక పత్రంలో మొదటి నాలుగూ ఉండి, ఐదోది వేరే పత్రంలో ఉంటే, ఆ రెంటినీ కలపడం ఆ రంగం తెలిసినవాడికి తట్టే విషయమేనని పేటెంట్ ఆఫీసు పరీక్షకుడు అభ్యంతరం చెప్పొచ్చు. అధికారిక సెర్చ్ రిపోర్టుల్లో ఒంటరిగానే కొత్తదనాన్ని గానీ, ఆవిష్కరణలో ఉండాల్సిన ముందడుగును గానీ దెబ్బతీయగల పత్రానికి ఎక్స్ గుర్తు, ఇంకోదానితో కలిస్తే ఆ ముందడుగును దెబ్బతీసేదానికి వై గుర్తు పెడతారు. ఎక్స్ లేదని ఊరుకుని వై జంటల ఊసెత్తని రిపోర్టు సగం పనే.

ఎక్కడ వెతికారన్నది మరీ ముఖ్యం. నేల తేమను బట్టి నీళ్లు వదలడం, పేటెంట్లను విషయాలవారీగా విడగొట్టే సీపీసీ వర్గీకరణలో ఏ01జీ 25/167 కిందికి వస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ద్రవం తగిలితే ఉబ్బే ముక్కతో నడిచే వాల్వులకు వేరే వర్గం ఉంది: ఎఫ్16కే 31/001. అందులోని పత్రాల్లో సాగునీటి మాటే ఉండకపోవచ్చు. గదులు వేడిచేసే రేడియేటర్లలో గాలిని వదిలి, నీరు తగలగానే ఉబ్బి మూసుకునే ఫైబర్ బిళ్లల వాల్వులు ఎప్పటి నుంచో ఉన్నాయి. "హైడ్రోజెల్" అన్న ఒక్క మాటతో వెతికితే అవి వలలో పడవు. "ఉబ్బే పదార్థం", "నీటిని పీల్చే పాలిమర్" లాంటి పర్యాయపదాలతో కూడా వెతికారా, టైటిల్, సారాంశాలకే పరిమితమయ్యారా లేక పూర్తి పాఠంలో చూశారా అన్నది రిపోర్టులో కనబడాలి.

కాబట్టి క్వెరీలను, అంటే డేటాబేసులో వెతకడానికి కొట్టిన మాటల వరుసలను, ఉన్నవి ఉన్నట్టు అడగండి: ఏ డేటాబేసు, ఏ తేదీ, ఎన్ని ఫలితాలు, వాటిలో ఎన్ని తెరిచి చదివారు. పద్నాలుగు వేల ఫలితాలొచ్చిన క్వెరీ ఎవరూ చదవని క్వెరీయే. సున్నా వచ్చినదాన్ని అసలు నమ్మకూడదు. చాలాసార్లు బ్రాకెట్ తప్పో, కొటేషన్ గుర్తులు పెట్టి మాటల వరుసను బిగించేయడమో కారణం. నిజాయితీగా పనిచేసే సెర్చర్ చేసే పరీక్ష ఒకటుంది. ఇదే రంగంలో ఇప్పటికే తెలిసిన రెండు మూడు పత్రాలు తీసుకుని, తన క్వెరీలు వాటిని పట్టుకుంటున్నాయో లేదో చూస్తాడు. తెలిసినవే పట్టుకోలేని క్వెరీ "లేదు" అంటే దానికి విలువ లేదు. ఈ పరీక్ష చేశామని రాసే సంస్థకు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఎప్పుడు ఆపారన్నది కూడా చెప్పాలి. దగ్గరి పత్రాలు ఉదహరించిన పాతవాటినీ, వాటిని ఉదహరించిన కొత్తవాటినీ వెంబడిస్తూ పోతే, కొంతసేపటికి మళ్లీ అవే నంబర్లు ఎదురవుతాయి. అది ఆపదగ్గ చోటు. గంటలు అయిపోయి ఆపితే ఆ మాటే సూటిగా రాయాలి.

ఇక జవాబు మాటలు. మొదటి పేజీలోనే, కుండబద్దలు కొట్టినట్టు: "ఈ ఐదు అంశాలూ ఒకేచోట ఉన్న పత్రం, ఈ తేదీ నాటికి, కింద చెప్పిన డేటాబేసుల్లో మాకు కనబడలేదు. చైనా, జపాన్ పత్రాలను యంత్రానువాదంలోనే చదివాం. థీసిస్‌లు, ఉత్పత్తుల క్యాటలాగులు చూడలేదు." ఈ పరిమితులను చివరి పేజీలో చిన్న అక్షరాల్లో దాచేవాళ్లను మేం సిఫార్సు చేయం.

ఇంకో మాట, క్లయింట్లు తరచూ పొరబడేది. ఇది కొత్తదనం కోసం చేసిన సెర్చ్. వస్తువును అమ్ముకోవచ్చా అన్నది వేరే ప్రశ్న. దానికి అమ్మే దేశంలో అమల్లో ఉన్న పేటెంట్ల క్లెయిములు, అంటే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు, చూడాలి. మొదటి రిపోర్టు చూపించి రెండోదానికి భరోసా ఇచ్చే సంస్థ దగ్గర ఆగకండి. దరఖాస్తు వేసి 18 నెలలు దాటాక అవే క్వెరీలతో మరోసారి వెతికి పెడతారా అని ఒప్పందం రోజే అడిగి రాయించుకోండి. క్వెరీలు భద్రంగా ఉంటే మధ్యలో కొత్తగా బయటికొచ్చినవి మాత్రమే చదివితే సరిపోతుంది.