బొలెరోలో ఐదేళ్లు తిరిగాక: తర్వాత కొనబోయేది నీడ

2020లో కొన్న మా బొలెరో మొన్న 86 వేల కిలోమీటర్లు దాటింది. అందులో కొన్ని సెలవుల్లో తిరిగినవి. విజయవాడలో శుక్రవారం రాత్రి సామాన్లు సర్దుకుని బయలుదేరడం, ఆదివారం రాత్రికి ఇల్లు చేరడం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా బాబు. డాష్‌బోర్డు అరలో ఒక వంద పేజీల నోట్‌బుక్ ఉంటుంది. ఇంటికొచ్చిన రాత్రే అందులో రెండు ముక్కలు రాస్తాను: ఈసారి ఏది పనికొచ్చింది, ఏది లేక ఇబ్బంది పడ్డాం. ఇప్పటికి 43 ప్రయాణాలు రాశాను.

గత నెల చీటీ పాడాను. 80 వేలు చేతికొచ్చాయి. బండి పైన వేసే టెంటా, రెండో బ్యాటరీనా, పక్కకి లాగితే పందిరిలా పరుచుకునే ఆనింగా అని రెండు వారాలు ఇంట్లో ఒకటే చర్చ. అది చెప్పేముందు ఇన్నాళ్లూ వాడిన వాటి సంగతి చెప్పాలి, ఎందుకంటే నా నిర్ణయం అక్కణ్నుంచే వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ వాడింది గాలి మిషన్. మొదట కొన్నది లైటర్ సాకెట్‌కి పెట్టుకునే చిన్నది. రెండో టైరు దగ్గరే ఫ్యూజు పోయింది. తర్వాత నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం తీసుకున్నాను. మా టైర్లు 215/75 ఆర్15. 18 పీఎస్ఐ నుంచి 32కి నాలుగూ ఎక్కించడానికి పదహారు నిమిషాలు పడుతుంది. ఎండాకాలం రెండు టైర్లు అయ్యాక పది నిమిషాలు ఆపి చల్లారనివ్వాలి. సూర్యలంక వెళ్లినప్పుడు మేం బీచ్ మీదికి బండి దించం కానీ, సరుగుడు తోటల పక్క దారుల్లో వదులు ఇసుక ఉంటుంది. అక్కడ గాలి 18కి దించితే టైరు అడుగుభాగం ఇంకా ఎక్కువగా ఇసుక మీద పరుచుకుంటుంది, బండి దానంతటదే నడుస్తుంది. బొలెరోకి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు, తోసేది వెనక చక్రాలే. అలాంటి బండికి వేలు పోసి కొనే వాటికన్నా గాలి దించి ఎక్కించుకునే ఏర్పాటే ఎక్కువ పని చేస్తుందని ఐదేళ్ల తర్వాత ధైర్యంగా చెప్పగలను.

బండి దిగబడితే చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ పలకలు 2021లో కొన్నాను. ఇసుకలో బాగా పనిచేశాయి. కానీ మన గుంటూరు వైపు నేల వేరు.

ఆ ఏడాది అక్టోబరులో సత్తెనపల్లి దాటాక పత్తి చేల మధ్య ఒక డొంకలోకి దిగాం. ముందు రోజు రాత్రి వాన పడింది. పైకి ఆరినట్టే ఉంది. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, జిగురవుతుంది. యాభై గజాలు పోయేసరికి టైరు గాళ్లన్నీ మట్టితో నిండి చక్రం నున్నగా, పూసిన గోడలా అయిపోయింది. పలకలు పెట్టాను. చక్రం ఒక్కసారి తిరిగిందో లేదో పలక పళ్లు కూడా నిండిపోయాయి. ఇక ఆ పలక మీద చక్రం తిరుగుతూనే ఉంది, బండి మాత్రం కదల్లేదు. గంటన్నర పారతో తవ్వాను. చెప్పులకి అంటుకున్న మట్టి ఒక్కోటి కిలో ఉంటుంది.

చేలో పనిచేసుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి చూశాడు. "బాబూ, ఆ పలకలు తీసి పక్కన పెట్టు. రేగట్లో నున్నటిది పనికిరాదు. గోతాలు తెస్తానుండు" అన్నాడు. పాత మిర్చి టిక్కీల గోతాలు నాలుగు తెచ్చి, మడతలు పెట్టి వెనక చక్రాల కింద దోపాడు. గోనె తడిని పీల్చుకుంటుంది, పీచు మట్టిని పట్టుకుంటుంది. అప్పటికీ మొత్తం రాలేదు కానీ మూడడుగులు ముందుకొచ్చింది. మిగతాది ఆయన కొడుకు ట్రాక్టరుతో లాగాడు. నా దగ్గర సరైన తాడు లేదు. ఇనుప గొలుసు ఎక్కడ తగిలించాలో తెలియక బంపర్ బ్రాకెట్‌కి తగిలించాను. అది వంగింది. డబ్బులిస్తే పెద్దాయన తీసుకోలేదు. మా బాబు చేతిలో నాలుగు పత్తికాయలు పెట్టి పంపాడు.

అప్పటి నుంచి బండిలో ఆరు గోతాలు ఎప్పుడూ ఉంటాయి. సీటు కింద మడిచి పెడితే చోటే పట్టదు.

తాడు గురించి ఒక మాట. వీడియోల్లో అందరూ సాగే తాడు కొనమంటారు. ఒక బండి వేగంగా వచ్చి ఇంకో బండిని గుంజడానికి అది పనికొస్తుంది, సాగి ఆ ఊపుని దాచుకుని లాగుతుంది. మనల్ని బయటికి లాగేది ఎప్పుడూ ట్రాక్టరే. అది నెమ్మదిగా, ఆగకుండా లాగుతుంది. దానికి సాగని వెడల్పాటి పట్టీ, రెండు షాకిళ్లు (పట్టీని హుక్‌కి కలిపే ఇనుప లంకెలు) చాలు. పట్టీని కంపెనీ ఇచ్చిన టోయింగ్ హుక్‌కే తగిలించాలి. మధ్యలో ఒక తడి గోతం వేస్తే, తెగినా తాడు ఎగిరే ఊపు కొంత తగ్గుతుంది. వింటినారి తెగినట్టు తెగుతుంది మరి, పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. వించ్ (బండి ముందు బిగించే, తాడు చుట్టి లాగే మోటారు) ఆలోచన కూడా పూర్తిగా వదిలేశాను. పొలం ఉన్నచోటల్లా ట్రాక్టరు ఉన్న జిల్లాల్లో తిరుగుతూ, బండి ముక్కు మీద అంత బరువు ఎందుకు?

2022లో 35 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకున్నాం. మా ఆవిడకి అన్నిటికన్నా నచ్చిన వస్తువు ఇదే. పాలు, పెరుగు, మా నాన్నగారు మాతో వచ్చినప్పుడు ఆయన ఇన్సులిన్, అన్నీ అందులోనే. కానీ మొదటి వేసవిలో ఏడిపించింది. రాత్రి రెండింటికి ఆగిపోయేది. బ్యాటరీ పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెట్టి చూపించాడు: బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, వెనక ప్లగ్గు దగ్గర కంప్రెసర్ మొదలైన క్షణంలో 11.7. "సార్, బ్యాటరీ బానే ఉంది. వైరు సన్నం, దారిలోనే వోల్టేజీ తినేస్తోంది, అందుకే ఫ్రిజ్ ఆగిపోతోంది" అన్నాడు. బ్యాటరీ నుంచి నేరుగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. ఇప్పుడు తేడా 0.2 వోల్టులు కూడా లేదు. ఫ్రిజ్ మళ్లీ ఆగలేదు. ఫ్రిజ్ బాలేదని అమ్మేయబోయేవాళ్లు ముందు వైరు చూసుకోండి.

మే నెలలో ఒక రాత్రి, పది గంటల సేపట్లో, అది సుమారు 22 ఆంపియర్ అవర్లు తీసుకుంటుంది. ఒక రాత్రికి బండి బ్యాటరీ తట్టుకుంటుంది. రెండో రాత్రి బండి కదలకుండా ఉంటేనే కష్టం. నోట్‌బుక్ తిరగేస్తే అలా ఒకేచోట రెండు రాత్రులు ఉన్నది 43లో రెండే రెండు సార్లు. పైగా లిథియం బ్యాటరీ పెట్టాలంటే దానికి వేరే చార్జర్ కావాలి. చాలావాటికి చార్జింగ్ 45 డిగ్రీల లోపే చేయాలని రాసి ఉంటుంది. మే మధ్యాహ్నం బెజవాడలో అద్దాలు వేసిన బండి లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి రెండో బ్యాటరీ ఇప్పుడు కాదు.

పైన టెంటు సంగతి. బాబు మనసంతా దాని మీదే ఉంది, నాక్కూడా ఇష్టమే. కానీ ఒకసారి క్యారియర్ మీద నీళ్ల డబ్బాలు, సామాన్లు కలిపి 80 కిలోల దాకా వేసి దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కాను. ప్రతి మలుపులో బండి ఒక పక్కకి ఒరిగి, ఆగి, మళ్లీ లేచేది. వెనక కమాన్లు గట్టివే అయినా బరువు అంత ఎత్తులో ఉంటే అవేం చేస్తాయి? మర్నాడు నీళ్లన్నీ కిందికి దించేశాను, తేడా మొదటి మలుపులోనే తెలిసింది. టెంటు బరువు 60 కిలోల పైమాటే, అది ఎప్పుడూ పైనే ఉంటుంది. ఇంకోటి, ఆ ఘాట్ రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. పులుల అభయారణ్యం అది, ఎక్కడ పడితే అక్కడ ఆగి పడుకునే చోటు కాదు. మేం ఆలస్యమై దోర్నాలలోనే ఆగిపోయిన రాత్రి, వెనక సీట్లు మడిచి ప్లైవుడ్ చెక్క వేసి, కిటికీలకి దోమతెర కట్టుకుని పడుకున్నాం. ఆ చెక్క, దోమతెర కలిపి నాలుగు వేలు కూడా కాలేదు. నిద్ర బాగానే పడుతోంది. నోట్‌బుక్‌లో "నిద్ర లేదు" అని ఉన్నవి మూడే.

"నీడ లేదు" అని ఉన్నవి పదిహేను.

అది లెక్కపెట్టినప్పుడు నాకే ఆశ్చర్యం వేసింది. సాగర్ వెనక నీళ్ల దగ్గర, పులిచింతల గట్టు మీద, బాపట్ల దారిలో, ప్రతిచోటా పన్నెండింటికి స్టవ్ వెలిగించడానికి చెట్టు వెతుక్కోవడమే. ఒకసారి ఏప్రిల్‌లో బాబుకి వడదెబ్బ తగిలినంత పనైంది. ఆ రోజు పేజీలో మా ఆవిడే రాసింది: "ఇంకోసారి నీడ లేకుండా వంట వద్దు."

వెంటనే కొనలేదు. ముందు ఇంట్లో ఉన్న నీలం బరకం క్యారియర్‌కి కట్టి, రెండు వెదురు కర్రలు నిలబెట్టి మూడు ప్రయాణాలు చూశాం. ఎండ పడలేదు కానీ ప్లాస్టిక్ కింద ఉక్కపోసింది. గాలొస్తే టపటపా కొట్టుకుంది. కావలసింది గుడ్డ అని, రెండు మీటర్ల వెడల్పు చాలని, ముందువైపు కర్ర ఆరడుగులు ఉంటే తల తగలదని ఆ బరకమే నేర్పింది. రెడీమేడ్ ఆనింగ్ పాతిక వేలు చెబుతున్నారు. వన్ టౌన్‌లో షామియానాలు కుట్టే ఆయన మందపాటి కాన్వాసుతో తొమ్మిది వేలకి కుడతానన్నాడు. "ఈదురుగాలి వస్తే మొత్తం లేచిపోద్ది సార్, మధ్యలో గాలి పోయే చీలిక పెడతా, పైన ఇంకో పొర కప్పుతా" అని ఆయనే చెప్పాడు. ఈ ఒక్క మాటకే పని ఆయనకి ఇచ్చేశాను. విప్పి తీసేసే క్లాంపులే వేయిస్తున్నాను. రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి భిన్నంగా బండిని శాశ్వతంగా మార్చకూడదు, బుల్ బార్లనైతే (బంపర్ ముందు బిగించే ఇనుప కమ్మీలు) 2017 డిసెంబరులోనే కేంద్రం నిషేధించింది.

మిగిలిన డబ్బు టైర్లకి. మొన్న స్టెప్నీ దించి చూస్తే పక్క గోడ మీద 2820 అని ఉంది, అంటే 2020లో 28వ వారంలో తయారైంది. ఐదేళ్లుగా వెనక తలుపు మీద వేలాడుతూ ఒక్క రోజు కూడా నడవలేదు, కానీ గోరుతో నొక్కితే రాయిలా ఉంది, అంచున సన్నటి పగుళ్లు. చింతూరు ఘాట్‌లో దాని మీద ఆధారపడాల్సి వస్తే? అందుకే ఈసారి నాలుగు కాదు, ఐదు.

కాన్వాసు గురువారం చేతికొస్తుంది. ఆదివారం పులిచింతల వెళ్తున్నాం, మధ్యాహ్నం వంట అక్కడే. నోట్‌బుక్‌లో 44వ పేజీకి బాబు ఇప్పటికే తేదీ వేసి పెట్టాడు.