రివాల్వర్ కారులో ఉంటే మేలా, బీరువాలో ఉంటే మేలా?

మా నాయన కారుని వాటర్ వాష్‌కి ఇచ్చి ఇంటికొచ్చి అన్నానికి కూర్చుని, రెండో ముద్ద కలుపుతూ ఆగిపోయి "అబ్బయ్యా, అది డ్యాష్‌బోర్డులోనే ఉండిపోయిందిరా" అన్నాడు. ఏది అని అడగాల్సిన పనిలేదు. మా ఇంట్లో "అది" అంటే ఒకటే, పాయింట్ 32 రివాల్వరు. రొయ్యల చెరువులు జోరుగా ఉన్న రోజుల్లో, కూలీల డబ్బు సంచిలో వేసుకుని మైపాడు వైపు తిరిగేటప్పుడు లైసెన్సు తీసుకుని కొన్నది. చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే ఇద్దరం బండి మీద పోయేసరికి కారు నురగలో మునిగి ఉంది, నాలుగు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి, మీసాలు కూడా సరిగా రాని పిల్లోడు ఒకడు పైపు పట్టుకుని లోపల దుమ్ము లాగుతున్నాడు. డ్యాష్‌బోర్డు ఇంకా తెరవలేదు వాడు. మా అదృష్టం అంతే.

అప్పట్నుంచి ఇంట్లో ఒకటే తగువు. బయటికి పోయేటప్పుడు పనికిరాని తుపాకీ ఎందుకు, బీరువాలో పెట్టి హారతి ఇవ్వడానికా అని నాయన. కారులో పెట్టుకుని తిరిగితే ఏదో ఒకరోజు జైలుకి పోతాం అని నేను. చివరికి చట్టం చదివి, తెలిసిన లాయరుగారి బుర్ర కూడా తిన్నాక నాకు అర్థమైంది రాస్తున్నా. ముందే చెప్పేస్తా, నా ఓటు బీరువాకే. కానీ బీరువా కూడా నేను అనుకున్నంత సులువేం కాదు.

మొదటి సంగతి, మన దగ్గర ఇంటికో లైసెన్సు, కారుకో లైసెన్సు అని ఉండవు. 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు, వీటి ప్రకారం ఒకటే లైసెన్సు. జిల్లాలో అయితే కలెక్టరుగారు ఇస్తారు, ఎంతవరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. 2019లో చట్టం మార్చి, ఒక మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నదాన్ని రెండుకి తగ్గించారు, మూడేళ్ల లైసెన్సుని ఐదేళ్లు చేశారు. లైసెన్సు ఉంది కదా, ఎక్కడ పెట్టుకుంటే ఏం అని చాలామంది అనుకుంటారు, మా నాయనతో సహా. అసలు తేడా అంతా ఆ "ఎక్కడ" దగ్గరే ఉంది.

కారు సంగతి చూద్దాం. 2016 నిబంధనల్లో పబ్లిక్ ప్లేస్‌లో తుపాకీ ఎలా తీసుకెళ్లాలో స్పష్టంగా ఉంది. చేతి తుపాకీ అయితే ఒంటికి కట్టుకునే హోల్‌స్టర్‌లోనో, దాన్ని మోయడానికని చేసిన అలాంటి సంచిలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, అది పూర్తిగా మన అదుపులో ఉండాలి. ఇప్పుడు ఈ మూడు ముక్కలూ పెట్టుకుని మన కార్లు చూడండి. డ్యాష్‌బోర్డులో నూనె గుడ్డ కింద, సీటు కింద, డిక్కీలో స్టెప్నీ పక్కన. ఒంటి మీద లేదు, హోల్‌స్టర్ లేదు, మనం టీకి దిగితే అదుపు కూడా లేదు.

"నా కారు నా సొంతం, పబ్లిక్ ప్లేస్ ఎట్టా అవుద్ది?" అన్నాడు నాయన. మంచి ప్రశ్నే. సుప్రీంకోర్టు 2019లో బీహార్ మద్యం కేసొకదాంట్లో, రోడ్డు మీదున్న సొంత కారు కూడా ఆ చట్టం కింద పబ్లిక్ ప్లేసే అంది. 2021లో మాదకద్రవ్యాల కేసొకదాంట్లో, సొంత వాహనం ఆ చట్టం చెప్పే పబ్లిక్ ప్లేస్ కిందికి రాదంది. చట్టాన్ని బట్టి మాట మారుతుంది, రెండూ తుపాకీ కేసులు కావు. కానీ కారు దిగి రోడ్డు మీద కాలుపెట్టినప్పుడు ఏ వాదనా మిగలదు, అది పబ్లిక్ ప్లేసే. మరి టంగుటూరు టోల్‌గేట్ దగ్గర సిగరెట్ కోసం దిగని మా నాయనని నేను ఇంతవరకు చూళ్లేదు.

దీనికన్నా పెద్ద చిక్కు, కారు చాలామంది చేతులు మారుతుంది. ఇల్లు మారదు. డ్రైవరు, మెకానిక్కు, వాష్ పిల్లోడు, పెళ్లి మండపం దగ్గర తాళాలు తీసుకుని పార్క్ చేసేవాడు, "అన్నా, కావలి దాకా పోయొస్తా బండియ్యి" అనే బామ్మర్ది. వీళ్లలో ఎవరికీ లైసెన్సు లేదు. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గరుంటే 25వ సెక్షన్ కింద, 2019 మార్పు తర్వాత, రెండేళ్లకి తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. అయితే ఆ పిల్లోడికి అందులో తుపాకీ ఉందని తెలియదు కదా అంటే, ఆ మాట కోర్టులోనూ నిలుస్తుంది. దగ్గర ఉండటం అంటే తెలిసి ఉండటం అని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. తెలియనివాడు బయటపడతాడు. కానీ అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది, తుపాకీ చేతిలో లేకపోయినా దాని మీద అదుపు ఉంటే దగ్గరున్నట్టే. అంటే డ్రైవరుకి "లోపల అదుంది, జాగ్రత్త" అని చెప్పి తాళాలిచ్చామనుకోండి, మనం జాగ్రత్త చెప్పామనుకుంటాం, వాణ్ణి ఇరికించినవాళ్లం అవుతాం. లైసెన్సులో రిటైనర్ అని, అంటే మన తరఫున తుపాకీ పట్టుకునేవాడని, ఒకరి పేరు రాయించుకునే వీలుంది, ఆ పేరున్నవాడు తప్ప ఇంకొకడు ముట్టకూడదు. ఇక షరతు తప్పిన లైసెన్సుదారుకి 30వ సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు, లేదంటే జరిమానా, లేదంటే రెండూ. జరిమానా గట్టిగా చూస్తే రెండు వేలు దాటదు గానీ, దాని వెనకే లైసెన్సు కూడా పోవచ్చు.

పోనీ, డ్యాష్‌బోర్డు వద్దు, నడుముకే కట్టుకుని తిరుగుదాం అనుకుందాం. చట్టప్రకారం ఇది సరైన పద్ధతే. కానీ నెల్లూరోడు కారు తీశాడంటే ఎక్కడికి పోతాడు? రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరికి, పెంచలకోనకి, తిరుమలకి, పిల్లల కాలేజీకి, మద్రాసుకి. లైసెన్సు షరతుల్లోనే రాసి ఉంటుంది, ప్రత్యేక అనుమతి లేకుండా జాతరకి గానీ, మతపరమైన ఊరేగింపుకి గానీ, జనం గుమిగూడిన చోటికి గానీ, చదువుకునే సంస్థల ఆవరణలోకి గానీ తీసుకుపోకూడదని. తిరుమల కొండ మీదికి ఆయుధం పోదు, అలిపిరి దగ్గరే బండి మొత్తం వెతుకుతారు. తడ దాటితే తమిళనాడు, లైసెన్సు మన రాష్ట్రం వరకే అయితే అక్కడికి అది ఉత్త కాగితం. అంటే నడుముకి కట్టుకుని బయల్దేరినవాడు కూడా ఎక్కడో ఒకచోట దాన్ని విప్పి కారులో వదిలి దిగాల్సిందే. మళ్లీ డ్యాష్‌బోర్డే. నన్ను బీరువా వైపు తిప్పింది ఈ ఒక్క ఆలోచనే, మిగతా సెక్షన్లన్నీ తర్వాత కలిసొచ్చాయి.

దారిలో పోలీసులు ఆపి లైసెన్సు చూపించమంటే చూపించాలి, 19వ సెక్షన్ ఏ పోలీసు అధికారికైనా ఆ హక్కు ఇచ్చింది. పుస్తకం ఇంట్లో మర్చిపోయి తుపాకీతో దొరికితే ఆ పూట అంతా స్టేషన్ బెంచీ మీదే.

ఇక్కడ మా చిన్నాన్న కొడుకు మాట ఒకటి చెప్పాలి. డల్లాస్‌లో ఉంటాడు, వాట్సాప్‌లో మా తగువు విని నవ్వాడు. టెక్సాస్‌లో కారుని దాదాపు ఇంట్లాగే చూస్తారంట. అక్కడ 2007 నుంచే సొంత కారులో చేతి తుపాకీ బయటికి కనపడకుండా పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లు, చట్టం నిషేధించని వాళ్లయితే, ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి కూడా అక్కర్లేదు. "చూశావా, అదీ దేశం అంటే" అని నాయన మురిసిపోయాడు. అప్పుడు అడిగా వాణ్ణి, మరి నీకుందా అని. లేదంట. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం, వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప. స్టూడెంట్ వీసా అయినా, హెచ్1బీ అయినా అంతే. స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫోటో దిగి ఇంటికి పంపే మన పిల్లలకి ఈ ముక్క ఎవరైనా చెప్పాలి. ఇంకో సంగతి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రం మీదుగా పోతూ 1986 నాటి ఫెడరల్ రక్షణ కావాలంటే, తుపాకీలో గుండ్లు ఉండకూడదు, చేతికి అందే చోట ఉండకూడదు, డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, అది కూడా డ్యాష్‌బోర్డు పెట్టె కాకూడదు. అంత తుపాకుల దేశం కూడా ఆ డ్యాష్‌బోర్డుని నమ్మలేదు. నాయన ఫోన్ అమ్మకిచ్చేసి లేచిపోయాడు.

ఇప్పుడు ఇల్లు. లైసెన్సుకి దరఖాస్తు పెట్టేటప్పుడే, తుపాకీని భద్రంగా పెడతాను, పిల్లలకీ వేరేవాళ్లకీ అందనివ్వను అని రాసివ్వాలి. కాబట్టి బీరువా అంటే చీరల మడతల మధ్య దోపడం కాదు. గుండ్లు తీసేసి, తాళం పడే లాకర్‌లో తుపాకీ, గుండ్లు వేరే చోట. మా నాయన ఇది విని "మరి దొంగ వచ్చినప్పుడు కాస్త ఆగవయ్యా, తాళాలు వెతుకుతున్నా అని చెప్పాలా" అన్నాడు. నిజమే, నా దగ్గర దీనికి జవాబు లేదు. చట్టం మాత్రం ఇంటి విషయంలో యజమాని పక్షమే కాస్త ఎక్కువ ఉంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 41వ సెక్షన్, పొద్దుగూకిన తర్వాత తెల్లారేలోపు ఇంటికి కన్నం వేసి దూరేవాణ్ణి ఆపడానికి ప్రాణం తీసేదాకా పోయే హక్కు కూడా ఇస్తుంది, అదీ అవసరానికి మించకుండా ఉంటేనే. దారిదోపిడీ కూడా అదే జాబితాలో ఉంది, కాబట్టి ఇక్కడ కారుకేం అన్యాయం జరగలేదు. కానీ పారిపోతున్నవాడి వీపులో కాలిస్తే ఇంట్లో అయినా రోడ్డు మీద అయినా ఆ హక్కు మనల్ని కాపాడదు. పెళ్లిలోనో పుట్టినరోజుకో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్లకి విడిగా రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పెట్టారు 2019లో.

మూడో దారి కూడా ఒకటుంది, అసలు మన దగ్గరే ఉంచుకోకపోవడం. లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర దాచొచ్చు. ఎన్నికలప్పుడు ఎలాగూ చాలామంది చేత స్టేషన్‌లో డిపాజిట్ చేయిస్తారు, 2024లో మాదీ పెట్టించారు, మే 13న పోలింగ్ అయిపోయి ఫలితాలు వచ్చాక తెచ్చుకున్నాం. ఆ నెలల్లో మాకు ఏ లోటూ కనపడలేదని నేను, ఎన్నికలప్పుడు కాబట్టి ఊరంతా పోలీసులే అందుకని నాయన. ఇద్దరం కరెక్టే అయి ఉండొచ్చు.

అసలు నన్నడిగితే ఆ రివాల్వరు కారెక్కాల్సిన కారణమే పోయింది. కూలీలకి ఇప్పుడు ఫోన్‌పే కొడుతున్నాం, మేత కంపెనీకి బ్యాంకు నుంచే పోతుంది, సంచిలో డబ్బు పెట్టుకుని మైపాడు రోడ్డు మీద పోయి ఎన్నేళ్లయిందో. ఎప్పుడైనా భూమి రిజిస్ట్రేషన్‌కి పెద్ద మొత్తం మోయాల్సి వచ్చి తీరా తీసుకెళ్లాలి అనిపిస్తే, నడుముకి హోల్‌స్టర్, పైన చొక్కా, జేబులో లైసెన్సు, ఎక్కడా దిగకుండా పోయి రావడం. అంతవరకు నేను ఒప్పుకున్నా. 70 ఏళ్లు దాటిన లైసెన్సుదారు తన తుపాకీని వారసుడి పేరుకి మార్చమని అడగొచ్చు, వారసుడు తన లైసెన్సు తను తెచ్చుకోవాలి. నాయన ఆ ఫారం తెప్పించి నా టేబుల్ మీద పెట్టాడు. నేనింకా సంతకం పెట్టలేదు.

బీరువా ఖాయం చేశాక లాకర్ తాళం అమ్మ కొంగుకి కట్టింది, ఇంట్లో అన్ని తాళాల్లాగే. లాయరుగారు ఫోన్‌లో విని "అమ్మగారికి లైసెన్సు ఉందా?" అన్నారు. నిజమే కదా, తాళం ఆమె దగ్గరుంటే అదుపు కూడా ఆమెదే. ఇప్పుడా తాళం చెవి నాయన మొలతాడుకి వేలాడుతోంది. స్నానానికి పోయినా తియ్యట్లేదు, తుప్పు పడుతుందని అమ్మ రోజూ గొణుగుతోంది.