ఇందిరానగర్‌లో మొరాకో భోజనం, టాజిన్ కోసం వెళ్ళండి

ముందే చెప్పేస్తున్నా, చికెన్ టాజిన్ కోసమైనా ఒకసారి వెళ్ళొచ్చు. బెంగళూరులో ఉంటూ మొరాకన్ ఫుడ్ ఎప్పుడూ తినలేదని మా వదిన వాళ్ళతో కలిసి ఇందిరానగర్‌లో ఈ ప్లేస్‌కి వెళ్ళాం, కూర్చోగానే ఇత్తడి కెటిల్, పళ్లెం తెచ్చి చేతుల మీద నీళ్ళు పోశారు, ఆ నీళ్ళల్లో నారింజ పూల వాసన భలే ఉంది.

టాజిన్ అంటే శంకు లాంటి మూతున్న మట్టిపాత్ర, ఆవిరి పైకెళ్ళి మళ్ళీ కూరలోకే కారుతుంది కాబట్టి నీళ్ళు పెద్దగా పోయకుండానే సన్నసెగ మీద మగ్గిపోద్ది. మూత తీయగానే అల్లం, కుంకుమపువ్వు వాసన గుప్పుమంది, రొట్టె ముక్కతో అలా నొక్కితే చికెన్ ఎముక నుంచి ఊడొచ్చేసింది! ఉప్పులో ఊరిన నిమ్మతొక్క, ఆలివ్స్ వల్ల పులుపు బాగా తగుల్తుంది కానీ కారం సున్నా. అన్నయ్య ఆగలేక కారం అడిగితే హరీసా అనే ఎండుమిర్చి ముద్ద ఇచ్చారు, అది అసలు ట్యునీషియా వాళ్ళది లెండి.

కుస్‌కుస్, అంటే ఆవిరి మీద ఉడికించే గోధుమరవ్వ గింజలు, మాత్రం నిరాశే. మొరాకోలో శుక్రవారం ఇంటిల్లిపాదీ కూర్చుని తినే వంటకం, 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, ఇక్కడేమో ఆరిపోయిన ఉప్మా తిన్నట్టుంది. పాస్టియా అంటే పల్చటి పిండి పొరల్లో కూరి కాల్చే పై లాంటిది, దాని మీద పంచదార, దాల్చినచెక్క పొడి చల్లుతారు, లోపలేమో చికెన్, వదినకి అస్సలు ఎక్కలేదు, నేనైతే ప్లేట్ ఖాళీ చేశా.

పుదీనా టీ అంతెత్తు నుంచి చిన్న గ్లాసుల్లోకి పోస్తారు, పైన నురగ కడుతుంది, షుగర్ తగ్గించమని ముందే చెప్పండి. బిల్లు ఎక్కువే. వీకెండ్ అయితే టేబుల్ బుక్ చేసేటప్పుడే టాజిన్ కూడా చెప్పేయండి, లేకపోతే వెయిటింగ్ చాలా ఉంటది.