‘ఏలియన్’ ప్రీక్వెల్స్‌కి తిరుపతిలో గది: ఎక్కడ దిగాలి, ఏ వరసలో చూడాలి

తిరుపతి ప్రయాణంలో అందరికీ ఉచితంగా దొరికేది ఎదురుచూపు. విష్ణు నివాసంలోనో, భూదేవి కాంప్లెక్స్‌లోనో టోకెన్ చేతికొచ్చాక, దాని మీద వేసిన టైముకీ ఇప్పటికీ మధ్య సగం రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఖాళీ పడుతుంది. సైన్స్ ఫిక్షన్ హారర్ అంటే ఇష్టపడేవాళ్లు ‘ఏలియన్’ సిరీస్‌లో చాలా తిట్లు తిన్న రెండు ప్రీక్వెల్స్‌ని (మొదటి సినిమాకి ముందు జరిగే కథల్ని) తీరిగ్గా చూడ్డానికి ఆ ఖాళీ బాగా పనికొస్తుంది. 2012 నాటి ‘ప్రొమీథియస్’ 124 నిమిషాలు, 2017 నాటి ‘ఏలియన్: కొవెనెంట్’ 122, వాటి వెనకే చూడాల్సిన 1979 నాటి మొదటి ‘ఏలియన్’ 117. కలిపితే ఆరు గంటల మూడు నిమిషాలు. టిఫిను, కాఫీ విరామాలు వేసుకుంటే ఏడున్నర గంటలు. అంటే ఒక గది, ఒక రాత్రి చాలు. చిక్కంతా ఏ గది అన్న దగ్గరే.

కొండ మీద కాటేజీలో మాత్రం వద్దు. ఛాతీ చీల్చుకుని జీవి బయటికొచ్చే సీను, సుప్రభాతానికి లేచే పెద్దవాళ్లకి గోడ అవతల వినపడటం బాగుండదు. కింద ఊళ్లోనే కానివ్వండి.

కిందనే ఉన్న టీటీడీ వసతి సముదాయాలు (శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవం) బస్టాండుకీ స్టేషనుకీ దగ్గర, అద్దె తక్కువ. దర్శనానికి వచ్చినవాళ్లకి వీటిని మించినవి లేవు. సినిమాకి మాత్రం కుదరవు. వరండాలో రాత్రంతా పిల్లల సందడి, తలుపులు కొట్టుకునే చప్పుడు. అక్కడ దిగితే ల్యాప్‌టాప్, ఇయర్‌ఫోన్స్‌తో సరిపెట్టుకోవాలి.

బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల్లో మంచి సంగతి 24 గంటల లెక్క. సాయంత్రం ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి దాకా గది మీదే. రాత్రంతా సినిమాలు చూసి పొద్దున పడుకునేవాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు. అన్ని లాడ్జీలూ ఇలా ఇవ్వవు, దిగేముందే అడగాలి. చెడ్డ సంగతి వెలుతురు. తలుపు మీది వెంటిలేటర్ అద్దంలోంచి వరండా ట్యూబ్‌లైటు నేరుగా టీవీ మీద పడుతుంది. ‘కొవెనెంట్’ సగం పైగా చీకట్లో నడిచే సినిమా, ఆ వెలుతురులో అది బూడిదరంగు తెరే. పాత న్యూస్‌పేపరు, ఒక టేపు చుట్ట పట్టుకెళ్లి ఆ అద్దానికి అంటించండి, పొద్దున తీసేయండి.

అలిపిరి రోడ్డు, రేణిగుంట రోడ్డు వైపు పెద్ద హోటళ్లలో కర్టెన్లు మందం, టీవీ పెద్దది. కానీ మధ్యాహ్నం పన్నెండుకో పదకొండుకో ఖాళీ చేయమంటారు. పైగా టీవీని హోటల్ మోడ్‌లో పెట్టి ఇన్‌పుట్ మార్చకుండా బిగించేస్తారు. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే వచ్చే జవాబు దాదాపు ఒకటే: “రిమోట్‌లో రాదు సార్, లాక్ చేసిండారు.” అక్కడితో వదిలేయకండి. సెట్‌టాప్ బాక్స్ ఏదో ఒక హెచ్‌డీఎంఐ పోర్టుకే తగిలించి ఉంటుంది. వాళ్లనడిగి ఆ కేబుల్ ఊడదీసి మీ పరికరాన్ని అదే పోర్టుకి పెడితే, ఇన్‌పుట్ మార్చే పనే ఉండదు. టీవీని గోడకి ఆనించి బిగించిన చోట వెనక్కి చెయ్యి పోదు, అదొక్కటే అడ్డు.

ముగ్గురు నలుగురు కలిసి వస్తే మా ఓటు తిరుచానూరు రోడ్డు వైపు రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాట్లకే. ఇంట్లో వాడే మామూలు టీవీ, తాళాలు లేవు, రాత్రి రెండింటికి కాఫీ పెట్టుకోవడానికి గ్యాస్ స్టవ్ ఉంటుంది. బుక్ చేసేముందు అడగాల్సినవి: టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఖాళీగా ఉందా, కరెంటు పోతే టీవీ ఉన్న ప్లగ్గుకి ఇన్వర్టర్ వస్తుందా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు. రెండో ప్రశ్నకి చాలామంది “ఫ్యాను, లైటు వస్తాయి” అంటారు. అంటే టీవీకి రాదని అర్థం.

ఇక తగిలించడం. హోటల్ వైఫైలో ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేయడం చాలాచోట్ల కుదరదు. అక్కడి రూటర్ ఒక పరికరానికి ఇంకో పరికరం కనపడకుండా ఆపుతుంది. మీ యాప్ ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ ఇచ్చేదైతే, ఇంట్లోనే సినిమాలు అందులోకి దించుకుని, ల్యాప్‌టాప్‌నుంచి రెండు మీటర్ల కేబుల్‌తో ఇవ్వడం నమ్మకమైన దారి. డౌన్‌లోడ్‌కి గడువు ఉంటుంది, బయల్దేరే రోజు ఒకసారి తెరిచి చూసుకోండి. ఫోన్‌నుంచి ఇద్దామనుకుంటే, టైప్-సి ఉన్న ప్రతి ఫోనూ వీడియో బయటికి పంపదు. మధ్యతరగతి ధర ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. చవక అడాప్టర్‌తో మాట వినపడి బొమ్మ నల్లగా వస్తే కాపీ రక్షణ అడ్డుపడిందని లెక్క, అడాప్టర్ మార్చాల్సిందే.

బొమ్మ వచ్చాక రెండు నిమిషాలు సెట్టింగులకి ఇవ్వండి. ‘వివిడ్’, ‘డైనమిక్’ తీసేసి ‘మూవీ’ పెట్టాలి. కదలికని నున్నగా చేసే మోషన్ ఆప్షన్ ఆపాలి, లేకపోతే అంతరిక్ష నౌక టీవీ సీరియల్ సెట్‌లా కనిపిస్తుంది. వెలుతురుని బట్టి తెరని మసకబార్చే ఎకో మోడ్ కూడా తీసేయాలి. నీడల్లో ఏమీ కనపడకుండా మొత్తం నల్లగా ముద్దకడితే, బ్లాక్ లెవెల్ (నలుపు ఎంత ముదురుగా ఉండాలో చెప్పే సెట్టింగు) ల్యాప్‌టాప్‌లో ఒకలా, టీవీలో ఒకలా ఉందన్నమాట. రెండింటినీ కలపాలి. సరిచూసుకోవడానికి ‘కొవెనెంట్’ మొదలే చాలు: ముందు తెల్లటి గది, కాసేపటికే కరెంటు పోయిన నౌక. తెలుపులో గది అంచులు, చీకట్లో మనుషుల భుజాలు రెండూ విడిగా కనిపిస్తే సరిగ్గా కుదిరినట్టే. ఇద్దరే ఉంటే స్పీకర్ బదులు ఒక స్ప్లిట్టర్, రెండు వైరు ఇయర్‌ఫోన్లు మేలు. పక్క గదివాళ్లు తెల్లవారుజామున దర్శనానికి లేవాలి.

సినిమాల సంగతికొస్తే, వీటిని చూసినవాళ్లు నిరాశపడేది ఎక్కువగా తప్పుడు ప్రశ్నతో కూర్చోవడం వల్ల. “ఆ జీవి ఎక్కణ్ణించి వచ్చింది?” అని అడుగుతూ చూస్తే ‘ప్రొమీథియస్’ సగం జవాబే ఇస్తుంది. దాని కథ జరిగేది ఎల్‌వీ-223 అనే ఉపగ్రహం మీద. 1979 సినిమాలో నోస్ట్రోమో నౌక మనుషులు దిగేది ఎల్‌వీ-426 మీద. రెండూ వేరు. గుర్రపునాడా ఆకారంలో ఉన్న నౌకలు ఒకేలా ఉండటంతో చాలామంది ఒకటే అనుకుని, చివర్లో ఇంజనీర్ (మనుషుల్ని పుట్టించిన భారీ జీవి) 1979 సినిమాలోని ఆకారంలా కుర్చీలో చావలేదేమిటని గొడవపడతారు. ఆ గొడవ వదిలేసి డేవిడ్‌ని పట్టుకోండి. ఈ రెండు సినిమాలూ మైకేల్ ఫాస్‌బెండర్ వేసిన ఆ మరమనిషి కథ.

మనుషులంతా గడ్డకట్టిన నిద్రలో ఉంటే నౌకలో డేవిడ్ ఒక్కడే మెలకువగా తిరుగుతాడు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చూస్తూ ఆ హీరోలా జుట్టుకి రంగు వేసుకుంటాడు. యంత్రానికి ఈ సోకు ఎందుకు అన్న ప్రశ్న అక్కడ పుట్టాలి. తర్వాత బిలియర్డ్స్ బల్ల దగ్గర నౌకలోని శాస్త్రవేత్త హాలోవేతో మాటలు. మమ్మల్ని ఎందుకు చేశారంటే, చేయగలిగాం కాబట్టి అంటాడు హాలోవే. మీ సృష్టికర్త మీకు ఇదే మాట చెబితే ఎలా ఉంటుందో అని డేవిడ్ అడుగుతాడు. వెంటనే డేవిడ్ వేలి చివర అక్కడ దొరికిన నల్ల ద్రవం చుక్క, అది హాలోవే గ్లాసులోకి. ముఖంలో కోపం లేదు, గొంతు పెరగదు. సిరీస్‌లో ఏ జీవి దాడికన్నా ఆ చుక్క భయంకరం. తెలుగు డబ్బింగ్ దొరికినా ఈ సినిమాలు ఇంగ్లిష్ ఆడియోలో, సబ్‌టైటిల్స్‌తో చూడమనేది ఆ గొంతు కోసమే.

మెడ్‌పాడ్ సీను కూడా ఊరికే పెట్టింది కాదు. శాస్త్రవేత్త షా, దానంతటదే ఆపరేషన్ చేసే ఆ యంత్రాన్ని ఆపరేషన్ అడిగితే, ఇది మగవాళ్లకి మాత్రమే అమర్చి ఉందంటుంది. ప్రయాణాన్ని నడిపించే కంపెనీ అధికారిణి విక్కర్స్ గదిలో మగవాళ్ల యంత్రం ఎందుకు? నౌకలో ఆ కంపెనీ యజమాని, డేవిడ్‌ని తయారుచేసిన ముసలి వేలాండ్ దాక్కుని ఉన్నాడు కాబట్టి. చెప్పకుండా చెప్పిన ఈ ఆచూకీని భయంలో చాలామంది జారవిడుస్తారు.

లోపాలు లేవని కాదు. లోపలి దారుల మ్యాపు తీసే పరికరాలు ఎగరేసినవాడే దారి తప్పుతాడు. జీవశాస్త్రవేత్త పడగెత్తిన పాములాంటిదాన్ని ముద్దు చేస్తాడు. ‘కొవెనెంట్’లో కొత్త గ్రహం మీద హెల్మెట్ లేకుండా దిగుతారు. వీటికి సమర్థన వెతకడం దండగ.

రెంటి మధ్యా షాకి ఏమైందన్నది పెద్ద ఖాళీ. ‘కొవెనెంట్’ విడుదలకి ముందు ‘ది క్రాసింగ్’ అని కొన్ని నిమిషాల చిన్న వీడియో వదిలారు. దాన్ని రెండు సినిమాల మధ్య పెట్టుకుంటే గతుకు తగ్గుతుంది. ‘కొవెనెంట్’ తెల్ల గదిలో వేలాండ్, డేవిడ్. నువ్వు చనిపోతావు, నేను చావను అన్న అర్థంలో డేవిడ్ మాట్లాడగానే, టీ పొయ్యమంటాడు వేలాండ్. టీ కుండ వేలాండ్‌కి అందేంత దగ్గరే. ఆ టీలోనే మిగతా కథంతా ఉంది. 2104లో రెండు వేలమంది వలసవాసులతో కొవెనెంట్ నౌక దారి మళ్లే నాటికి డేవిడ్ చేసిన పనికి మూలం అదే అవమానం. ‘ఒజిమాండియస్’ అనే ఇంగ్లిష్ పద్యాన్ని డేవిడ్ కవి బైరన్‌కి అంటగడితే, అతని పోలికే ఉన్న మరో మరమనిషి వాల్టర్ అది షెల్లీది అని దిద్దుతాడు. తనకి తప్పు లేదనుకునే యంత్రానికి పడిన మొదటి బీట అది. చివర్లో మలుపు ముందే తెలిసిపోతుందని విమర్శ ఉంది. తెలిసిపోతుంది, నిజమే. తెలిశాక కథానాయిక డేనియల్స్ నిద్రపెట్టెలో ఇరుక్కునే ఆ నిమిషం ఇంకా ఇబ్బంది పెడుతుంది.

ఈ రెండిటి వెంటనే 1979 ‘ఏలియన్’ పెట్టండి. మూడూ రిడ్లీ స్కాట్ తీసినవే కాబట్టి అతుకు కనపడదు. అందులోని సైన్స్ అధికారి యాష్ ప్రతి కదలికా డేవిడ్ తమ్ముడిలా అనిపిస్తుంది. ఒక్కటి కలవదు: కుర్చీలో శిలాజమైన ఆకారం 1979లో కుర్చీలోంచి పెరిగినట్టు ఉంటుంది, ‘ప్రొమీథియస్’ అది తొడుక్కునే సూటు అంటుంది. గుంపులో ఒక్కరైనా సిరీస్ అసలు చూడనివాళ్లుంటే వరస మార్చి 1979తోనే మొదలుపెట్టాలి, లేకపోతే వాళ్లకి అందులోని గుట్టు పోతుంది. 2024 ‘రోములస్’ మర్నాటికి ఉంచుకోండి. కథ 2142లోది, నల్ల ద్రవం మళ్లీ వస్తుంది, ‘ప్రొమీథియస్’ చూసినవాళ్లకే అది పూర్తిగా తగులుతుంది. ఎనిమిది ఎపిసోడ్ల ‘ఏలియన్: ఎర్త్’ ఇంటికెళ్లాక చూసేది.

పగటిపూట కోసం. ‘ప్రొమీథియస్’ మొదట్లో ఇంజనీర్ కరిగి పడే జలపాతం ఐస్‌లాండ్‌లోని డెట్టిఫాస్, ఎత్తు 44 మీటర్లు. తిరుపతికి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని తలకోన 82 మీటర్లు, ఎత్తులో మనదే పైచేయి, నీళ్లలో కాదు. వేసవిలో వెళ్తే బండ మీద తడి చారే. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక వెళ్లండి, సొంత బండి లేకపోతే రాను పోను మాట్లాడుకున్న కారే మేలు, బస్సుల్ని నమ్ముకుంటే సాయంత్రానికి తిరిగి చేరడం కష్టం.

కొండకి వెళ్లే ఘాట్ రోడ్డు బండల్లో 210 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైటు మీద దాదాపు 160 కోట్ల ఏళ్ల క్వార్ట్‌జైటు (గట్టిపడిన ఇసుకరాయి) నేరుగా కూర్చుని ఉంటుంది. మధ్య కాలానికి రాయే లేదు. జియాలజీవాళ్లు జాతీయ స్మారకంగా గుర్తించిన చోటది. ఘాట్‌లో బండి ఆపకూడదు, కిటికీ సీటు పట్టుకోవడమే మార్గం. తాపీగా చూడాలంటే పైన శిలాతోరణం దగ్గర అదే క్వార్ట్‌జైటు దగ్గర్నుంచి కనిపిస్తుంది. చంద్రగిరి కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు.

శ్రీహరికోట ప్రయోగం ఆ వారంలోనే ఉంటే నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట వెళ్లొచ్చు. ప్రయోగం చూసే గ్యాలరీకి ముందుగా ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి, కోటా త్వరగా నిండిపోతుంది. ప్రయోగాలు వాయిదా పడటం మామూలే కాబట్టి, డబ్బు వెనక్కిచ్చే షరతు లేని గది ఆ తేదీకి బుక్ చేయకండి.